మాబున్ని ఎక్కిన జీపు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో పొద్దున ఎనిమిదింటికి తలుపులు తీసేవాళ్ళు. ఊడ్చి, నీళ్ళు చల్లి, దేవుడి పటానికి దీపం పెట్టాక లక్ష్మీపతి శెట్టి అంగడి మనిషి మాబున్ని ఇంటికి వచ్చేవాడు. ఆమె అప్పటికే నెత్తిన కొంగు సర్దుకుని వాకిట్లో నిలబడి ఉండేది. ఇద్దరూ నడిచి వెళ్ళేవాళ్ళు. అంగట్లో త్రాసు పక్కన ఆమెకోసం ఒక పీట ఉండేది. ఆమె దాని మీద కూర్చోగానే త్రాసు ముల్లు అటూ ఇటూ ఊగడం మాని నిలిచిపోయేది. బయట రాళ్ళ బండ్లు పోతున్నా, గాలి వీస్తున్నా లోపల గోధుమగింజంత బంగారాన్నయినా నిమిషంలో తూచేవాళ్ళు. శెట్టి పని అయ్యాక పక్క అంగడి, ఆ తర్వాత ఇంకో అంగడి. పన్నెండింటికి ఆమె ఇల్లు చేరేది.

మాబున్ని ఉన్న చోట చుట్టూ బారెడు మేర ఏదీ వణకదు. చెంబులో నీళ్ళు అల్లాడవు. దీపం రెపరెపలాడదు. చలిజ్వరంతో కొట్టుకుంటున్న పిల్లల్ని తెచ్చి ఆమె ఒళ్ళో పడుకోబెడితే వణుకు ఆగేది. జ్వరం మాత్రం దాని దారిన అది తగ్గేది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఫలానా బావి నీళ్ళు ఉప్పన అన్నట్టు, మాబున్ని పక్కన ఏదీ వణకదు, అంతే.

కాన్పుల ఇళ్ళకు మాత్రం ఆమెను పిలిచేవాళ్ళు కాదు. పెళ్ళైన కొత్తలో ఆడబిడ్డ పురిటికి సాయం పోతే, ఈమె గదిలోకి అడుగు పెట్టగానే నొప్పులు నిలిచిపోయాయి. మంత్రసాని బిస్మిల్లా బీ ఒక ఘడియ చూసి, మాబున్ని భుజం పట్టుకుని నెమ్మదిగా వీధి చివరిదాకా నడిపించి అక్కడ నిలబెట్టి వచ్చింది. ఆ వెంటనే నొప్పులు మొదలై పిల్లవాడు పుట్టాడు. అప్పటినుంచి చంటిబిడ్డల్ని ఆమె నలభయ్యో రోజు తర్వాతే చూసేది. ఒళ్ళోకి తీసుకుంటే కాళ్ళాడించే బిడ్డ కూడా నిలిచిపోయి, గుడ్లు తెరుచుకుని చూసేది. ఆమె రెండు నిమిషాలకే తల్లికి ఇచ్చేసి లేచేది. ఆమెకు పిల్లలు లేరు. వయసు ముప్పై తొమ్మిది.

ఆమె మొగుడు ఫకీర్ సాహెబ్ ఒక్క చోట నిలవలేని మనిషి. యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీలు తోలడానికి పోయి బర్మా సరిహద్దు దాకా వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు రెండు చేతులూ వణికేవి. అన్నం తింటూ లేచి తిరిగేవాడు. మాట మధ్యలో గడప దాటిపోయేవాడు. కడపలో బస్సు కంపెనీలో చేరి మానేశాడు, అనంతపురంలో చేరి మానేశాడు, చివరికి ప్రొద్దుటూరులో ఇంటి గోడకు ఆనించి రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఇంజన్ల పనిలో ఆ జిల్లాలో అతన్ని మించినవాడు లేడనేవాళ్ళు. సన్నపని చేయాల్సి వచ్చినప్పుడు మాబున్ని గోడ అవతల మంచం మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ ఉండేది. ఇవతల అతని చేతులు నిలకడగా ఉండేవి. ఆమె ఎందుకు అక్కడ కూర్చుంటుందో అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, మాఘమాసంలో, తొండూరు ఆదినారాయణరెడ్డి తన జీపు తెచ్చి ఆ షెడ్డు ముందు ఆపాడు. అది యుద్ధం అయిపోయాక మద్రాసులో వేలం వేసిన జీపుల్లో ఒకటి. రెడ్డికి ముప్పై రెండేళ్ళు. దిగినవాడు కూర్చోమన్నా కూర్చోకుండా జీపు చుట్టూ తిరుగుతూ తన అవసరం చెప్పాడు.

అతని భార్య వనజమ్మకు ఆరో నెల. అంతకుముందు రెండు కాన్పులూ చెడిపోయాయి. మొదటిసారి ఎద్దులబండిలో జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే బిడ్డ పోయింది. రెండోసారి ముందుగానే జమ్మలమడుగులో ఇల్లు బాడుగకు తీసుకుని, ఆస్పత్రికి వంద గజాల దూరంలో రెండు నెలలు ఆమెను మంచం దిగనివ్వలేదు. ఆ మంచం మీదే ఒకరోజు కడుపులో కదలిక ఆగిపోయింది. ఈసారి బిడ్డ అడ్డంగా ఉందని, నొప్పులు మొదలైన గంటలోపల తీసుకురావాలని, దారిలో కుదుపులు తగలకూడదని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ జమ్మలమడుగులో ఉందామంటే వనజమ్మ వినలేదు. ఆ ఊళ్ళో మంచం మీద పడుకుని రోజులు లెక్కపెట్టేది లేదని, నొప్పులు వచ్చినప్పుడే వస్తానని తెగేసి చెప్పింది.

"ఈ బండి ముప్పై అయిదు మైళ్ళు దాటితే ఎముకలు ఇరగ్గొడతాది మామా," అన్నాడు రెడ్డి. "నలభై దాటితే ముందు చక్రాలు వణుకుతాయి. ఆడికి పోను గంటా ముప్పావు పడతాది. నాకు గంటలోపల కావాల. పండుకున్న మనిషికి తెలీకుండా పోవాల."

ఫకీర్ సాహెబ్ వంగి జీపు కింద చూసి, రేడియేటర్ మూత తీసి చూసి, రెండు ఫర్లాంగులు తోలుకొచ్చాడు. ఆ బండిని బురదలో, ఇసుకలో, గుట్టల మీద పాకడానికి చేశారు. దాని ఇరుసుల్లో ఉన్న పళ్ళచక్రాలు బలానికి పెట్టినవి, వేగానికి కావు. అందుకే నలభైకే ఇంజన్ గొంతు చించుకుని అరుస్తుంది. ఆ పళ్ళచక్రాలు మారిస్తే అదే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ యాభై పోతుంది. అయితే ముందు ఇరుసుకు ఒక లెక్క, వెనక ఇరుసుకు ఇంకో లెక్క ఉంటే ఇసుకలో నాలుగు చక్రాలూ ఒకదాంతో ఒకటి కొట్లాడుకుంటాయి. ఒకే లెక్కవి రెండు జతలు దొరకాలి. దొరికితే చేస్తానని, రెండు నెలలు బండి తనదగ్గర వదలమని చెప్పాడు.

ఒక జత కడప పాత సామాన్ల అంగట్లో దొరికింది. రెండో జత కోసం గుంతకల్లు దాకా తిరిగాడు. దొరికాక రెండు ఇరుసులూ విప్పి మార్చాడు. ముందు చక్రాలు వణకడానికి కారణం మలుపు తిరిగే చోట అరిగిపోయిన బేరింగులని కనిపెట్టి కొత్తవి వేశాడు. కుదుపును మింగే కమాన్ పట్టీల కట్టలు విప్పి, తుప్పు గీకి, ఒక్కో పట్టీకి గ్రీజు పూసి, మందపువి రెండు తీసేసి పలుచనివి పెట్టాడు. కొంచెం పెద్ద టైర్లు వేశాడు. వెనక ఇనుప సీటు పీకి, పాత బస్సు సీటు స్ప్రింగుల మీద కొబ్బరిపీచు, దాని మీద దూదిపరుపు పరిచాడు. మనిషి పొడుగ్గా పడుకునే వీలు చేశాడు.

ప్రతి ఆదివారం పొద్దున జమ్మలమడుగు దారిలో తోలి చూసేవాడు. ఒక గిన్నె నిండా నీళ్ళు పోసి వెనక పరుపు మీద పెట్టి, తిరిగొచ్చాక ఎన్ని ఒలికాయో చూసేవాడు. ముప్పై, నలభై దాకా బాగుండేది. నలభై అయిదు దగ్గర సన్నగా ఒక వణుకు పుట్టేది. నలభై ఎనిమిదికి అది బండంతా పాకి, అద్దం గలగలమని, గిన్నె సగం ఖాళీ అయ్యేది. అతను కాలు తీసేవాడు. ఇంటికొచ్చి మళ్ళీ విప్పేవాడు. చక్రాలు మార్చి మార్చి వేశాడు. ఇరుసుకు పోయే షాఫ్టు తీసి మూడుసార్లు తూకం చూశాడు. వణుకు పోలేదు. తిండి తగ్గించేశాడు. వీధిలో ఎవరు పలకరించినా జీపు సంగతే అనుకుని పక్కకు తప్పుకునేవాడు.

ఆదినారాయణరెడ్డి నాలుగు రోజులకోసారి బస్సులో వచ్చి షెడ్డులో నిలబడిపోయేవాడు. వనజమ్మ ఇంట్లో కూర్చోవడం లేదని, పొద్దునా సాయంత్రం మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతోందని, అరచేయి కడుపు మీదనుంచి తియ్యదని చెప్పేవాడు. ఒకరోజు అతను, ఊళ్ళో అందరి నాలుక చివరా ఉన్న మాటను తనే అడిగాడు. మాబున్నిని ఒక్కరోజుకు తమతో పంపిస్తే సరిపోతుంది కదా అని.

ఫకీర్ సాహెబ్ స్పానరు కింద పెట్టాడు. "త్రాసు కాడ కుచ్చోబెట్టేది చాలు రెడ్డీ. బండి నాది. దాని వణుకు నేను తీస్తా," అన్నాడు. మళ్ళీ జీపు కిందికి దూరాడు.

గోడ అవతల మాబున్ని ఆ మాట వింది.

చైత్రం వచ్చింది. వనజమ్మకు ఎనిమిదో నెల నడుస్తోంది. ఇక బండి ఇవ్వక తప్పదు. నలభై అయిదు దాటనివ్వకుండా తోలుకోమని చెప్పి ఇచ్చేద్దామని, ఒక శుక్రవారం పొద్దున ఫకీర్ సాహెబ్ బయలుదేరాడు. అప్పుడు మాబున్ని చెప్పులు వేసుకుని వచ్చి జీపు పక్కన నిలబడింది. తానూ వస్తానంది. ఎందుకని అడిగితే, పుట్టి బుద్ధెరిగాక ఈ ఊరు దాటి ఎటూ పోలేదని, పెన్న అవతల ఏముందో చూడాలని ఉందని చెప్పింది. ఆ రోజు అంగళ్ళవాళ్ళకు రానని ముందే కబురు పంపేసింది. అతను కాదనలేకపోయాడు.

ఆమె వెనక పరుపు మీద కూర్చుంది. ఊరు దాటాక నలభై, నలభై అయిదు, నలభై ఎనిమిది. వణుకు లేదు. చేతిలో చక్రం నూనె పోసినట్టు తిరుగుతోంది. తన చేతులూ నిలకడగా ఉన్నాయి. రెండు నెలలుగా వెంటాడిన జబ్బు ఎక్కడుందో వినిపించకుండా పోయింది. ఫకీర్ సాహెబ్‌కు సంతోషం కలగలేదు. బండి బాగుందో లేదో ఇప్పుడు అతనికి తెలిసే దారి లేదు. వేగం తగ్గించి నలభైలోనే పోయాడు. జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా తొండూరు చేరేసరికి పొద్దు బారెడెక్కింది.

రెడ్డి వీధిలోనే ఎదురొచ్చాడు. వనజమ్మకు అరగంట క్రితమే నొప్పులు మొదలయ్యాయి. అయిదు వారాలు ముందు.

ఆమెను నలుగురు ఆడవాళ్ళు నడిపించుకొచ్చి పరుపు మీద పడుకోబెట్టారు. పొడవాటి మనిషి, పెదవులు కరుచుకుని ఉంది. రెడ్డి ముందు ఎక్కాడు. మాబున్ని దిగి పక్కకు తప్పుకుంది. కాన్పు ఇళ్ళ ముందు అలా తప్పుకోవడం ఆమెకు అలవాటు. రెడ్డి వెనక్కి తిరిగి, చేతులు జోడించి, ఎక్కమని బతిమాలాడు. వనజమ్మ కూడా ఆమె ఎవరో విని ఉంది కాబట్టి చేయి చాపింది. మాబున్ని మొగుడి వైపు చూసింది. అతను ముందు అద్దంలోకి చూస్తూ ఉన్నాడు. ఆమె ఎక్కి వనజమ్మ తల దగ్గర కూర్చుంది.

తొండూరు నుంచి ముద్దనూరు దాకా అప్పట్లో దారి అంటే నల్లరేగడిలో బండ్లచాళ్ళు. మధ్యలో నీళ్ళులేని ఒక ఇసుక వంక. జీపు ఆ చాళ్ళ మీద ముప్పై అయిదులో పోయింది. వంకలో నాలుగు చక్రాలకూ బలం కలిపి ఇసుకను చీల్చుకుంటూ ఎక్కింది. ఫకీర్ సాహెబ్ మార్చిన రెండు ఇరుసులూ ఒక్క మాట మీద నడిచాయి. వెనక పరుపు మీద వనజమ్మ వెంట్రుక కూడా కదలలేదు. నొప్పులు మాబున్ని కూర్చున్న క్షణమే ఆగిపోయాయి. రెడ్డి మూడు నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసి, ఊపిరి పీల్చుకుని, దేవుళ్ళకు మొక్కుకున్నాడు. వనజమ్మ కళ్ళు మూసుకుంది. రెండు నెలల తర్వాత ఆమె ముఖం వదులైంది.

ముద్దనూరు దాటి కంకర రోడ్డు ఎక్కిన నాలుగు మైళ్ళకు ఆమె కళ్ళు తెరిచింది. కడుపు మీద అరచేయి అటు జరిపింది, ఇటు జరిపింది. రెండు చేతులతో నొక్కి చూసింది.

"బండి ఆపండి," అంది. "బిడ్డ కదల్లే."

ఫకీర్ సాహెబ్ ఆపాడు. రోడ్డుకు అటూ ఇటూ నాపరాళ్ళ గనులు. కూలీలు దూరంగా బండలు తీస్తున్నారు. రెడ్డి దిగి వెనక్కి వచ్చాడు. మాబున్ని పక్కన ఏదీ కదలదని, అది అలాగే ఉంటుందని, భయపడవద్దని చెప్పాడు. వనజమ్మ అతని మాట వినడం లేదు. మాబున్ని ముఖంలోకి చూస్తోంది.

"అక్కా, నువ్వు తప్పు చేసినావని కాదు," అంది వనజమ్మ. "బిడ్డ బతికుందో లేదో నాకు తెలియడంల్యా."

మాబున్ని దిగిపోయింది. వనజమ్మ ఆమె వేళ్ళు వదలలేదు. ఒక చేయి కడుపు మీద పెట్టుకుని, ఒక చేత్తో మాబున్ని వేళ్ళు పట్టుకుని ఉంది. మాబున్ని ఒక అడుగు వెనక్కి వేసింది. కడుపులో కదలిక లేదు. ఇంకో అడుగు. వనజమ్మ జీపు అంచు దాకా జరిగి చేయి చాపింది. ఇద్దరి చేతులూ పూర్తిగా చాచి, వేళ్ళ కొసలు మాత్రమే తగులుతున్న చోట మాబున్ని ఆగింది. ఆమె చుట్టూ ఉండే బారెడు మేర అక్కడికి అయిపోయింది.

బిడ్డ తన్నింది. ఆ తన్ను వనజమ్మ కడుపులోంచి భుజంలోకి, భుజంలోంచి చేతిలోకి వచ్చి, మాబున్ని వేళ్ళకు తగిలింది.

మాబున్ని తన వేళ్ళ వైపు చూసుకుంది. అంతలోనే నొప్పి వచ్చి వనజమ్మ మెలికలు తిరిగి చేయి వదిలేసింది.

రెడ్డి తొందరపడ్డాడు. బిడ్డ బతికే ఉందని తెలిసింది కదా, ఇక మాబున్ని ఎక్కాలని, ఇంకా పది మైళ్ళుందని, ఆమె లేకుండా ఈ నొప్పులతో వేగంగా పోతే కుదుపులకు బిడ్డ నిలవదని అన్నాడు. ఇప్పటికే ఇద్దరిని పోగొట్టుకున్నానన్నాడు.

"పోయిన ఇద్దరిలో ఒకటి కుదుపులకు పోయింది. ఒకటి కుదుపు లేకుండా పోయింది," అంది వనజమ్మ పళ్ళ బిగువున. "నాకు తెలియకుండా పోయింది అదే. ఈసారి ఏమైనా నాకు తెలిసే కావాల. అక్క ఎక్కితే నేను దిగి నడుస్తా."

రెడ్డి ఫకీర్ సాహెబ్ వైపు చూశాడు. ఫకీర్ సాహెబ్ దిగి భార్య దగ్గరకు వెళ్ళాడు. ఆమె బారెడు మేరకు అవతలే ఆగాడు. యుద్ధం నుంచి వచ్చిన ఇన్నేళ్ళలో అతను ఎప్పుడూ చెప్పని మాట అప్పుడు చెప్పాడు.

"నా చేతులు వణుకుతాండాయి మాబూ."

"వణకనీ," అంది ఆమె. "బండి నీది. నువ్వు చేసిందే. పో."

ఆమెను ఆ ఎండలో, గనుల పక్కన వదిలేసి జీపు కదిలింది.

ముప్పై అయిదు. నలభై. ఫకీర్ సాహెబ్ చేతులు చక్రం మీద కొట్టుకుంటున్నాయి. నలభై అయిదు దగ్గర ఆ పాత వణుకు మొదలైంది. ఏది బండిదో, ఏది తన చేతులదో అతనికి తెలియలేదు. నలభై ఏడు. అద్దం గలగలలాడింది. వెనక వనజమ్మ మూలుగుతోంది. వెనక ఆమె పక్కకు మారిన రెడ్డి ఒక చేత్తో ఆమె చేయి పట్టుకుని, ఇంకో చేత్తో ఇనుప కమ్మీ పట్టుకుని, నెమ్మదిగా పొమ్మంటున్నాడు. నలభై ఎనిమిది. రెండు నెలలుగా ప్రతి ఆదివారం అతను కాలు తీసిన చోటు అదే. నొప్పులు ఆగిన సేపు తీసేసినా, కాలు తీస్తే గంట దాటుతుంది.

"కదుల్తాంది మామా," అంది వనజమ్మ వెనకనుంచి. "నువ్వు పో."

అతను కాలు తీయలేదు. కింది దాకా తొక్కాడు. నలభై తొమ్మిదికి బండి ముక్కలైపోతుందేమో అనిపించింది. యాభై. చక్రం చేతిలోంచి ఎగిరిపోతుందేమోనని రొమ్ముకు ఆనించుకున్నాడు. యాభై ఒకటి. ముల్లు యాభై రెండు మీదికి వచ్చింది. వణుకు ఆగింది.

ముందు అతనికి నమ్మకం కలగలేదు. అద్దం మాట్లాడడం లేదు. ఇంజన్ సన్నగా, ఒకే గొంతుతో పాడుతోంది. జీపు నీళ్ళ మీద పోయినట్టు పోతోంది. ఆ వణుకు నలభై అయిదు దగ్గర పుట్టి యాభై రెండు దగ్గర చచ్చిపోతుందని, దాన్ని దాటిపోవాలే తప్ప దాని ముందు ఆగి కొట్లాడకూడదని అతనికి అప్పుడు తెలిసింది. చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. చక్రం వణకడం లేదు. పెన్న ఇసుక కనిపించేదాకా అతను ముల్లును అక్కడినుంచి దిగనివ్వలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వనజమ్మను చూసి వెంటనే లోపలికి తీసుకుపోయింది. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయని నర్సు అడిగితే రెడ్డి సరిగ్గా చెప్పలేకపోయాడు. తొండూరులో మొదలై, దారిలో ఆగి, ముద్దనూరు దాటాక మళ్ళీ మొదలయ్యాయని చెప్పాడు. నర్సు అదే రాసుకుంది. నొప్పులు అలా మధ్యలో ఆగకుండా ఉంటే, బిడ్డ అడ్డంగా ఉన్న ఆ కాన్పు బండ్లచాళ్ళలోనే జరిగేదని, తల్లీ పిల్లా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని తర్వాత చెప్పింది. మధ్యాహ్నం రెండు గంటలకు, కత్తి పెట్టాల్సి వచ్చినా, ఆడపిల్ల పుట్టింది. చిన్న ముద్ద. ఏడుపు మాత్రం వరండా చివరి దాకా వినిపించింది.

ఫకీర్ సాహెబ్ ఆ ఏడుపు విని, నీళ్ళు కూడా తాగకుండా జీపెక్కాడు.

గనుల దగ్గర మాబున్ని లేదు. కూలీలను అడిగితే, ఆమె చాలాసేపు రోడ్డు మీద అటూ ఇటూ తిరిగిందని చెప్పారు. నీడకు రమ్మంటే రాలేదట, కూర్చోమంటే కూర్చోలేదట. ఎటు పోయిందని అడిగితే జమ్మలమడుగు వైపే నడిచిపోయిందన్నారు. తాను వచ్చిన దారే అది. మరి కనిపించలేదేమని అతను కంగారుపడి వెనక్కి తిరిగి వెతుక్కుంటూ పోయాడు. మూడు మైళ్ళ అవతల, రోడ్డుకు కాస్త పక్కగా, ఒక చలివేంద్రం చాటున నిలబడి నీళ్ళు తాగుతోంది. ముఖం ఎండకు కందిపోయింది. మట్టి ముంతలో నీళ్ళు అల్లాడి ఆమె మెడ మీద, రవిక మీద ఒలుకుతున్నాయి. ఆమె ఆ నీళ్ళ వైపే చూస్తోంది.

"ఆడపిల్ల," అన్నాడు అతను. "ఏడుస్తాంది."

ఆమె తలూపి, ముంత అక్కడ బోర్లించి, జీపు ముందు సీట్లో ఎక్కింది. ఇద్దరూ ప్రొద్దుటూరు దారి పట్టారు. పెన్న దాటి జమ్మలమడుగు వదిలాక ఫకీర్ సాహెబ్ వేగం పెంచాడు. నలభై అయిదు దగ్గర వణుకు పుట్టింది. అతను భార్య వైపు చూశాడు. ఆమె పక్కనే ఉంది, బారెడు కూడా లేదు. ఆమె భుజాలు, చేతి గాజులు, చెవి పోగులు అన్నీ అదురుతున్నాయి. ఆమె అద్దం మీద అరచేయి ఆనించి ఆ అదురును పట్టుకుని చూస్తోంది.

"రెండు నెల్లు నువ్వు కొట్లాడిన వణుకు ఇదేనా?" అని అడిగింది.

"ఇదే. ఇంకో ఏడు పెంచితే పోతాది. చూపిస్తా."

"వద్దు. కొంచేపు ఇట్లే పోనీ."

అతను ముల్లును నలభై ఎనిమిది మీద పెట్టాడు. రెండు నెలలు అసహ్యించుకున్న ఆ వణుకులో ఊరు దాకా తోలుకొచ్చాడు. దారి పొడుగునా ఆమె గాజులు మోగుతూనే ఉన్నాయి.

మరుసటి పొద్దున లక్ష్మీపతి శెట్టి అంగట్లో మాబున్ని పీట మీద కూర్చున్నా త్రాసు ముల్లు ఊగింది. శెట్టి ఫ్యాను ఆపించి, తలుపు మూయించి చూశాడు. మరో మూడు రోజులు ఆమెను పిలిపించాడు. నాలుగో రోజు మద్రాసుకు రాసి త్రాసు చుట్టూ పెట్టుకునే అద్దాల పెట్టె తెప్పించుకున్నాడు. మిగతా అంగళ్ళవాళ్ళూ అదే పని చేశారు. వీధిలో ఎవరూ ఆమెను ఏం జరిగిందని అడగలేదు. బావి నీళ్ళు ఒక్కోసారి మారుతుంటాయి.

ఇంట్లో ఆమెకు కాలు నిలవడం మానేసింది. పొద్దున లేచి వీధి చివరిదాకా పోయి వచ్చేది. పెద్ద బజారు చూసి వచ్చేది. పెన్న ఒడ్డుకు పోయి వచ్చేది. పది రోజులకు బిస్మిల్లా బీ వాకిట్లోకి వచ్చింది. ముసలామెకు డెబ్భై దాటాయి. మోకాళ్ళు పట్టేశాయి. తన సంచి మోయడానికి, చెప్పింది అందుకోవడానికి ఒక మనిషి కావాలని, మాబున్నికి ఇష్టమైతే రమ్మని అడిగింది. మాబున్ని లోపలికి పోయి చెప్పులు వేసుకుంది.

మొదటి కాన్పులో ఆమె గడప దగ్గరే నిలబడింది, అలవాటు కొద్దీ. బిస్మిల్లా బీ తల తిప్పకుండానే లోపలికి రమ్మంది. ఆమె వెళ్ళింది. నొప్పులు ఆగలేదు. బిడ్డ ఆమె చేతుల్లోకి తడితడిగా, వణుకుతూ వచ్చింది. ఆమె దాన్ని చాలాసేపు తల్లికి ఇవ్వలేదు. బిస్మిల్లా బీ రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

ఏడాది తిరిగేసరికి ముసలామె ఇంట్లో ఉండిపోయి మాబున్నిని ఒక్కదాన్నే పంపడం మొదలుపెట్టింది. వేముల నుంచి, కొండాపురం నుంచి, ఎర్రగుంట్ల పల్లెల నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. బస్సు ఉంటే బస్సు, లేకపోతే బండి, అదీ లేకపోతే నడక. ఫకీర్ సాహెబ్ తన షెడ్డులో ఉండేవాడు. గోడ అవతల మంచం ఖాళీగా ఉండేది. సన్నపని చేయాల్సి వచ్చినప్పుడు మోచేతులు బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, చేతులు తమ దారికి వచ్చేదాకా ఆగి చేసేవాడు. ఆలస్యమయ్యేది. పని చెడేది కాదు. మాబున్ని ఏ ఊళ్ళో ఉందని ఎవరైనా అడిగితే, నిన్న ఫలానా ఊరు పోయింది, ఈరోజు ఏ ఊరో తెలియదు అనేవాడు. ఆమె కోసం అన్నం వండి మూతపెట్టి ఉంచడం అతనికి అలవాటైంది.

మరుసటి వైశాఖంలో వేముల దగ్గర ఒక రైతు ఇంట్లో కవలపిల్లలు పుట్టారు. తెల్లవారిన దగ్గరనుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. ఇద్దరూ క్షేమం. ఇంటి పెద్దామె మాబున్ని చేతులకు నీళ్ళు పోసి, వసారాలో చాప పరిచి, పొద్దున్నుంచి నిలబడే ఉన్నావు, ఒక్క ఘడియ కుచ్చో అమ్మా, మజ్జిగ తాగి పోదువు అంది. మాబున్ని మజ్జిగ నిలబడే తాగింది. చెంబు ఇచ్చేసి, పులివెందుల బస్సు ఏ దారిన వస్తుందో అడిగి, కొంగు నడుముకు దోపుకుంటూ గడప దిగింది. పెద్దామె మళ్ళీ అడిగింది.

"కుచ్చోను," అంది మాబున్ని. "శానా ఏండ్లు కుచ్చున్యా."